పన్నెండో వారంలో ఒక అంకె

స్కానింగ్ గదిలో లైట్లు తగ్గించి ఉంటాయి. పొట్ట మీద జెల్ చల్లగా పడగానే ఆమె ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. తెర మీద బూడిదరంగు మసకలో ఒక ఆకారం తేలుతుంది. నడినెత్తి నుంచి పిరుదుల దాకా కొలిస్తే 6 సెంటీమీటర్లు, మన బొటనవేలంత. అంత చిన్న ప్రాణంలోనూ గుండె నిమిషానికి 160 సార్లు కొట్టుకుంటోంది. డాక్టరుకు కావలసింది బిడ్డను పక్కనుంచి చూపించే భంగిమ. బిడ్డ తిరగడం లేదు. "కొంచెం దగ్గమ్మా" అంటారు. ఆమె దగ్గుతుంది. ఆ కుదుపుకి బిడ్డ ఒక్క గెంతు గెంతి కుదురుకుంటుంది. డాక్టరు వెంటనే బొమ్మను అక్కడే నిలిపి పెద్దది చేస్తారు. మెడ వెనుక, చర్మానికీ లోపలి కండకీ మధ్య సన్నటి నల్లటి చార. ఆ చారకు ఈ అంచున ఒక గుర్తు, ఆ అంచున ఒక గుర్తు పెడతారు. తెర అడుగున అంకె పడుతుంది: 2.4 మిల్లీమీటర్లు.

అదే రోజు చేతి నుంచి కాస్త రక్తం తీసుకుంటారు. కొద్ది రోజులకు రిపోర్టు వస్తుంది. అందులో ఒక వరుస: "ట్రైసోమీ 21 – 1:180". పక్కనే ఎర్ర అక్షరాల్లో "హై రిస్క్".

తర్వాత జరిగేది మన ఆసుపత్రుల వరండాల్లో ఎవరైనా వినగలిగిందే. ఆమె ఫోన్ చేస్తుంది. "అమ్మా, ఏదో తేడా వచ్చిందంట." అవతలి నుంచి తల్లి గొంతు వణుకుతుంది. "గ్రహణం నాడు బయటికి రావొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా తల్లీ..." భర్త గోడకు ఆనుకుని ఫోన్‌లో ఏదో వెతుకుతుంటాడు. అత్తగారు మాట్లాడరు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనకపోయినా, తన ఒంట్లోనే ఏదో లోపం ఉందన్న భావం అప్పటికే ఆమెలో పాతుకుపోతుంది.

ఈ అధ్యాయం ఆ ఒక్క అంకె గురించి. అది ఎలా పుడుతుంది, ఏం చెబుతుంది, ఏం చెప్పదు, దాని తర్వాత వేయవలసిన అడుగు ఏమిటి. గర్భం తొలి నెలల పరీక్షలు ఇంతగా పెరిగిన ఈ కాలంలో, ఆ పరీక్షలు మాట్లాడే భాష తెలియకపోవడం వల్ల కలిగే బాధ, చాలాసార్లు జబ్బు వల్ల కలిగే బాధ కంటే ఎక్కువ.

జల్లెడ పని

ముందు రెండు మాటల మధ్య తేడా తెలియాలి. ఒకటి స్క్రీనింగ్, రెండోది డయాగ్నోసిస్. తెలుగులో రెంటినీ "పరీక్ష" అనేస్తాం. సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది.

స్క్రీనింగ్ అంటే జల్లెడ పట్టడం. బియ్యం జల్లించేటప్పుడు రాళ్లతో పాటు కొన్ని మంచి గింజలు కూడా ఒక పక్కకు చేరతాయి. అలా పక్కకు తీసినవాటిని ఇల్లాలు మళ్లీ చేత్తో ఏరి చూస్తుంది. జల్లెడలో నిలిచిందల్లా రాయి అని ఎవరూ పారేయరు. మెడ వెనుక చారను కొలిచే ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్, ఎన్ఐపీటీ అనే రక్తపరీక్ష ఇవన్నీ జల్లెడలే. ఉమ్మనీరు తీసి చేసే పరీక్ష, మాయ నుంచి ముక్క తీసి చేసే పరీక్ష, ఈ రెండూ చేత్తో ఏరి చూడడం లాంటివి. "ఉంది", "లేదు" అని చెప్పే అధికారం వాటికే ఉంది.

"హై రిస్క్" అంటే "మళ్లీ ఒకసారి చూడవలసిన గింజ" అని మాత్రమే అర్థం. 1:180 అంటే, సరిగ్గా ఇలాంటి కొలతలే వచ్చిన 180 మంది తల్లుల్లో ఒకరి బిడ్డకు ట్రైసోమీ 21, అంటే డౌన్ సిండ్రోమ్ ఉంటుంది, మిగతా 179 మంది బిడ్డలకు ఉండదు. మన ల్యాబులు చాలావరకు 1:250ని గీతగా పెట్టుకుంటాయి. ఆ గీతకు ఇటు ఉంటే ఎర్ర అక్షరాలు, అటు ఉంటే నల్ల అక్షరాలు. గీత గీసింది మనుషులు. 1:240కీ 1:260కీ మధ్య ప్రకృతిలో ఏ గోడా లేదు.

అదనంగా ఒకటి

మనిషి కణంలో క్రోమోజోములు 46 అని ఈరోజు పదో తరగతి పిల్లలు కూడా చెబుతారు. కానీ 1956 దాకా పాఠ్యపుస్తకాల్లో 48 అనే రాసి ఉండేది. స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ టియో, ఆల్బర్ట్ లెవాన్ సరిగా లెక్కపెట్టి 46 అని ఆ ఏడాది ప్రచురించారు. లెక్క తేలిన మూడేళ్లకే, 1959లో, పారిస్ నుంచి మరో వార్త వచ్చింది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల కణాల్లో 47 ఉన్నాయి. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు. ఆ పత్రం మీద జెరోమ్ లెజూన్, మార్త్ గోతియే, రేమండ్ టర్పిన్ పేర్లు ఉన్నాయి. పెద్దగా వసతుల్లేని గదిలో కణాలను పెంచే ల్యాబును నెలకొల్పింది గోతియే. సీరం కొనే వీలు లేక తన సొంత రక్తం నుంచి తీసిన సీరంతో ఆమె ఆ కణాలను పెంచారు. ఆమె పాత్రకు తగిన గుర్తింపు దక్కడానికి దశాబ్దాలు పట్టింది.

ఈ అదనపు క్రోమోజోము ఎక్కణ్నుంచి వస్తుంది? చాలావరకు అండం తయారయ్యేటప్పుడు జరిగే పంపకంలో పొరపాటు నుంచి. పదింట తొమ్మిది కేసుల్లో మూలం అండమే. దీనికి కారణం ఒక ఆశ్చర్యకరమైన జీవసత్యం. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలన్నీ తయారైపోతాయి. అంటే మీరు పుట్టిన అండం, మీ అమ్మ మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే ఏర్పడింది. అక్కడ అది తన విభజనను సగంలో ఆపేసి, క్రోమోజోములను జంటలుగా కట్టిపెట్టుకుని కూర్చుంటుంది. పదిహేనేళ్లు, ముప్పై ఏళ్లు, ఒక్కోసారి నలభై ఏళ్లు. ఆ జంటలను పట్టి ఉంచేవి కొహెసిన్ అనే ప్రోటీన్ ఉంగరాలు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఉంగరాలు సడలుతాయి. అండం పక్వమయ్యే రోజున ముడి విడిపోయే తీరు అదుపు తప్పితే, ఒక క్రోమోజోము వెళ్లవలసిన వైపు కాకుండా రెండోదానితో పాటే ఉండిపోతుంది.

అందుకే తల్లి వయసుకూ దీనికీ సంబంధం. 20 ఏళ్ల తల్లికి డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం సుమారు 1500లో ఒకటి. 30 ఏళ్లకు 900లో ఒకటి, 35కి 350లో ఒకటి, 40కి 100లో ఒకటి. అయినా డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఎక్కువమంది చిన్న వయసు తల్లులకే పుడుతున్నారు, ఎందుకంటే ఎక్కువ కాన్పులు ఆ వయసులోనే అవుతాయి. "నాకింకా పాతికేళ్లే కదా" అన్నది పరీక్ష అక్కర్లేదనడానికి సరిపోయే కారణం కాదు.

ఈ పంపకంలో గ్రహణానికి పాత్ర లేదు. ఆమె తిన్న బొప్పాయికీ, ఎక్కిన మెట్లకూ, పడ్డ దిగులుకూ పాత్ర లేదు. పొరపాటు జరిగి ఉంటే అది గర్భం నిలవకముందే, ఎవరి చేతిలోనూ లేని చోట జరిగింది. ఈ మాట ప్రతి గర్భిణికీ, ఆమె తల్లికీ, అత్తగారికీ చేరాలి.

మెడ వెనుక నీరు, రక్తంలో రెండు పదార్థాలు

డౌన్ సిండ్రోమ్‌ను 1866లో వర్ణించిన ఇంగ్లండ్ వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్, ఆ పిల్లల చర్మం ఒంటికి వదులుగా ఉన్నట్టు గమనించారు. వంద సంవత్సరాలు దాటాక, 1992లో, లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో కిప్రోస్ నికొలైడిస్ బృందం అదే లక్షణాన్ని మూడో నెల స్కాన్‌లో పట్టుకుంది. ఆ వయసులో ప్రతి బిడ్డకూ మెడ వెనుక చర్మం కింద కొంత నీరు చేరుతుంది. క్రోమోజోములో తేడా ఉన్నప్పుడు, గుండె నిర్మాణంలో లోపం ఉన్నప్పుడు ఆ నీరు మామూలు కంటే ఎక్కువగా ఉండే అవకాశం హెచ్చు. 14 వారాలు దాటితే ఆ నీరు సాధారణంగా ఇంకిపోతుంది, కొలవడానికి ఏమీ మిగలదు. అందుకే 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల వరకే ఈ కొలత. బిడ్డ పొడవు 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. డాక్టరు "ఈ వారంలోనే రండి" అని గట్టిగా చెప్పేది ఇందుకే.

ఆ చార ఎంత సన్నటిదంటే, గుర్తు అటూ ఇటూ అర మిల్లీమీటరు జరిగినా లెక్క మారిపోతుంది. ఈ స్కాన్‌కు ప్రత్యేకంగా శిక్షణ పొందినవాళ్లు కావాలి. తొందర పనికిరాదు. ఆ "కొంచెం దగ్గమ్మా" అనే ఓపికలో సగం కచ్చితత్వం ఉంది.

రక్తంలో చూసేవి రెండు. పీఏపీపీ-ఏ అనే ప్రోటీన్, హెచ్‌సీజీ అనే హార్మోను. రెండూ మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చేవే. డౌన్ సిండ్రోమ్ ఉన్న గర్భాల్లో సగటున మొదటిది సగానికి తగ్గుతుంది, రెండోది రెట్టింపవుతుంది. ఇదే మనం "డబుల్ మార్కర్" అని పిలిచే పరీక్ష. తల్లి వయసు, మెడ వెనుక కొలత, ఈ రెండు పదార్థాలు, ఇవన్నీ కలిపి కంప్యూటర్ వేసే లెక్కే రిపోర్టులోని 1:180. తల్లి బరువు, తేదీలు తప్పుగా నమోదైతే లెక్క కూడా తప్పుతుంది. రిపోర్టు చేతికి రాగానే ముందు చూడవలసినవి అవే: పుట్టిన తేదీ సరిగా ఉందా, బరువు సరిగా ఉందా, స్కాన్ చెప్పిన వారాలే రాశారా.

మూడో నెల దాటాక వచ్చినవాళ్లకు 15 వారాల తర్వాత నాలుగు పదార్థాలు చూసే క్వాడ్రపుల్ మార్కర్ ఉంటుంది. అది కొంచెం పెద్ద కన్నాల జల్లెడ. వందకు 80 దాకా పడుతుంది. లేటయినవాళ్లకు అదీ విలువైనదే.

పదివేల మంది లెక్క

ఇక్కడ ఒక నిమిషం కాగితం, పెన్ను తీసుకుందాం. శాతాల్లో చెబితే తప్పుదారి పట్టే విషయం, మనుషుల్లో చెబితే తేటగా కనిపిస్తుంది.

10,000 మంది గర్భిణులు మూడో నెల పరీక్షకు వచ్చారనుకుందాం. అందులో 500కు ఒకరి చొప్పున, 20 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉందనుకుందాం. స్కాన్, డబుల్ మార్కర్ కలిసిన పరీక్ష వందకు 90 మందిని పడుతుంది. అంటే 20లో 18 మంది దొరికారు, ఇద్దరు జారిపోయారు. ఇదే పరీక్ష ఏ తేడా లేని బిడ్డల్లో వందకు 5 మందిని అనవసరంగా పక్కకు తీస్తుంది. మిగిలిన 9,980 మందిలో 5 శాతం అంటే 499 మంది. మొత్తం "హై రిస్క్" రిపోర్టులు 517. నిజంగా తేడా ఉన్నవి వాటిలో 18.

ఎర్ర అక్షరాల రిపోర్టు అందుకున్న ప్రతి 29 మందిలో 28 మంది బిడ్డలకు ఆ సమస్య లేదు. ఈ ఒక్క వాక్యం రిపోర్టు మీద ముద్రించి ఉంటే ఎన్ని ఇళ్లలో ఎన్ని రాత్రులు నిద్ర పట్టేదో!

జారిపోయిన ఆ ఇద్దరినీ మరవకూడదు. "లో రిస్క్" అంటే లేదని కాదు, అవకాశం తక్కువని. రెండు వైపులా అంకె చెప్పేది సంభావ్యతే.

అమ్మ రక్తంలో బిడ్డ ఆనవాళ్లు

ఇంతకంటే సన్నటి జల్లెడ 1997లో మొదలైంది. హాంకాంగ్‌కు చెందిన డెనిస్ లో అప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో పని చేస్తున్నారు. బిడ్డ కణాల కోసం తల్లి రక్తంలో ఏళ్ల తరబడి వెతికారు. అవి మరీ అరుదు. ఆ సమయంలో క్యాన్సర్ రోగుల రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ప్లాస్మాలో కణితి డీఎన్ఏ దొరికిందన్న వార్త చదివారు. చిన్న కణితి తన డీఎన్ఏను రక్తంలోకి వదిలితే, ఇంతకింతకూ పెరిగే గర్భం వదలదా? కణాలు తీశాక పక్కన పడేసే ప్లాస్మాను తీసుకుని ఉడకబెట్టి పరీక్షించారు. మగబిడ్డలను మోస్తున్న తల్లుల ప్లాస్మాలో వై క్రోమోజోము ముక్కలు కనిపించాయి. తల్లికి వై ఉండదు. ఆ ముక్కలు బిడ్డవే.

అక్కణ్నుంచి డౌన్ సిండ్రోమ్‌ను పట్టడానికి మరో పదకొండేళ్లు పట్టింది. చిక్కు ఏమిటంటే, 21వ క్రోమోజోము తల్లిలోనూ ఉంటుంది. ఏ ముక్క ఎవరిదో విడదీయలేం. పరిష్కారం లెక్కపెట్టడంలో దొరికింది. తల్లి ప్లాస్మాలో తేలే డీఎన్ఏలో సుమారు పదో వంతు గర్భం నుంచి వచ్చినదనుకుందాం. తేడా లేని గర్భమైతే 21వ క్రోమోజోము ముక్కలు 100 రావలసిన చోట 100 వస్తాయి. బిడ్డలో మూడు ప్రతులుంటే 105 వస్తాయి. ఆ అయిదు గింజల తేడా తెలియాలంటే గుప్పెడు గింజలు లెక్కిస్తే చాలదు, బస్తాలు లెక్కించాలి. లక్షల ముక్కలను ఒకేసారి చదివే సీక్వెన్సింగ్ యంత్రాలు రావడంతో అది సాధ్యమైంది. 2008లో డెనిస్ లో బృందం, అమెరికాలో స్టీఫెన్ క్వేక్ బృందం ఈ పద్ధతిని చూపించాయి. 2011 నుంచి పరీక్ష ఆసుపత్రులకు చేరింది. ఇదే ఎన్ఐపీటీ. పదో వారం నుంచి చేయవచ్చు. బిడ్డకు ఏ ప్రమాదమూ లేదు, తల్లి చేతి రక్తం చాలు.

అదే పదివేల మందిని ఈ జల్లెడలో పోద్దాం. వందకు 99 మందిని పడుతుంది కాబట్టి 20 మందీ దొరికారు. పొరపాటున పక్కకు తీసేది వెయ్యికి ఒకరు అనుకుంటే, 10 మంది. మొత్తం 30 రిపోర్టుల్లో 20 నిజం. 517లో 18తో పోలిస్తే ఎంత మెరుగో చూడండి. అయినా మిగిలిన ఆ 10 మంది ఉన్నారు. వాళ్ల బిడ్డలు ఆరోగ్యంగా ఉన్నారు.

అంతే కాదు, ఈ నిష్పత్తి తల్లి వయసుతో మారుతుంది. 20 ఏళ్ల తల్లులే పదివేల మంది వస్తే తేడా ఉన్నవాళ్లు 7, పొరపాటు 10. నిజమైనవి సగానికి తక్కువ. 40 ఏళ్ల తల్లులే వస్తే తేడా ఉన్నవాళ్లు 100, పొరపాటు 10. దాదాపు అన్నీ నిజం. పరీక్ష ఒకటే, రిపోర్టు మీద మాట ఒకటే, దాని బరువు మాత్రం వేరు. "99 శాతం కచ్చితం" అన్న ప్రకటన చూసి "నా రిపోర్టు 99 శాతం నిజం" అనుకోవడం ఇక్కడ జరిగే అతి పెద్ద తప్పు.

పొరపాటుకు కారణమూ తెలుసుకోదగ్గదే. ఆ డీఎన్ఏ నిజానికి బిడ్డ ఒంటి నుంచి రాదు, మాయ నుంచి వస్తుంది. మాయ, బిడ్డ ఒకే పిండం నుంచి పుట్టినా, కొన్నిసార్లు మాయలో కొన్ని కణాలకు మాత్రమే అదనపు క్రోమోజోము ఉంటుంది. బిడ్డకు ఉండదు. కవల గర్భంలో ఒకటి తొలి వారాల్లోనే ఆగిపోయినా దాని ఆనవాళ్లు రక్తంలో కొంతకాలం మిగులుతాయి. తల్లి బరువు ఎక్కువైతే గర్భం నుంచి వచ్చే డీఎన్ఏ వాటా తగ్గి ఫలితం రాకుండా పోతుంది. అందుకే ఎన్ఐపీటీ ఎంత గొప్పదైనా, దాని మీద మాత్రమే ఆధారపడి గర్భం విషయంలో నిర్ణయం తీసుకోకూడదు.

ఖాయం చేసే పరీక్ష

చేత్తో ఏరి చూసే పని రెండు విధాలు. 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి సన్నటి ముక్క తీయడం ఒకటి, 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీయడం రెండోది. ఉమ్మనీటిలో బిడ్డ చర్మం నుంచీ, లోపలి పొరల నుంచీ రాలిన కణాలు తేలుతుంటాయి. స్కాన్‌లో చూస్తూ పొట్టలోంచి సన్నటి సూది పంపి 15, 20 మిల్లీలీటర్ల నీరు తీస్తారు. నాలుగు చెంచాలు. సూది బిడ్డకు దూరంగా, డాక్టరు కంటి ముందే కదులుతుంది. తీసిన నీటిని బిడ్డ కొద్ది గంటల్లోనే మళ్లీ నింపుకుంటుంది. ముఖ్యమైన క్రోమోజోముల ఫలితం రెండు మూడు రోజుల్లో, పూర్తి చిత్రం రెండు వారాల్లో వస్తుంది.

"సూది గుచ్చితే గర్భం పోతుందంట" అన్న భయం మన ఇళ్లలో బలంగా ఉంది. అనుభవం ఉన్న చేతుల్లో ఆ ప్రమాదం 200లో ఒకటి కంటే తక్కువ. పూర్తిగా లేదని చెప్పడం నిజాయితీ కాదు. ఆ చిన్న ప్రమాదాన్నీ, తెలుసుకోవడం వల్ల వచ్చే మేలునూ త్రాసులో పెట్టి చూసుకునే హక్కు ఆ తల్లిదండ్రులది. డాక్టరు పని త్రాసును సరిగా పట్టుకోవడం.

"రక్తం తక్కువ" అనుకున్నది

ఇప్పటిదాకా చెప్పినవన్నీ క్రోమోజోముల లెక్క. మన ప్రాంతంలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. దానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు.

తలసేమియా మేజర్ ఉన్న బిడ్డ పుట్టినప్పుడు మామూలుగానే ఉంటుంది. ఆరు నెలలు దాటేసరికి పాలిపోతుంది. అక్కణ్నుంచి మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. ఎక్కించిన రక్తంతో పేరుకునే ఇనుమును తీయడానికి రోజూ మందులు. మన దేశంలో ఏటా 10 వేల మందికి పైగా పిల్లలు ఈ జబ్బుతో పుడుతున్నారని అంచనా. తల్లి, తండ్రి ఇద్దరూ క్యారియర్లయితేనే, అంటే తమకు జబ్బు లేకుండా లోపభూయిష్టమైన జన్యువును మోసేవాళ్లయితేనే, బిడ్డకు ఈ జబ్బు వస్తుంది. దేశంలో నూటికి 3, 4 మంది క్యారియర్లు. వాళ్లకు ఏ జబ్బూ ఉండదు, తాము క్యారియర్లమని కూడా తెలియదు. హిమోగ్లోబిన్ మాత్రం కాస్త తక్కువ.

ఆ "కాస్త తక్కువ" దగ్గరే అవకాశం జారిపోతుంది. గర్భిణికి రక్తపరీక్ష చేస్తారు, హిమోగ్లోబిన్ 9.5 వస్తుంది, "రక్తం తక్కువగా ఉందమ్మా" అని ఐరన్ మాత్రలు రాస్తారు. అదే రిపోర్టులో రెండు వరుసల కింద ఎంసీవీ అని ఉంటుంది, ఎర్రకణం సైజు. అది 80 కంటే తక్కువ ఉంటే, కారణం ఇనుము లోపం కావచ్చు, తలసేమియా క్యారియర్ కావడమూ కావచ్చు. తేల్చడానికి హెచ్‌బీఏ2 కొలిచే ఒక్క పరీక్ష చాలు. అది 3.5 శాతం దాటితే సాధారణంగా క్యారియర్. అప్పుడు భర్తకూ అదే పరీక్ష. అతను క్యారియర్ కాకపోతే బిడ్డకు మేజర్ భయం లేదు. ఇద్దరూ అయితే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. "మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక మిగతా ముగ్గురికీ రాదు" అన్న లెక్క తప్పు. ప్రతిసారీ పాచిక కొత్తగానే వేస్తారు. మాయ ముక్క తీసి డీఎన్ఏ చూస్తే బిడ్డ సంగతి మూడో నెలలోనే తెలుస్తుంది. మామూలు ఎన్ఐపీటీ ఈ జబ్బును చూడదు, అది క్రోమోజోములను మాత్రమే లెక్కపెడుతుంది.

ఇది సాధ్యమేనని సైప్రస్ చూపించింది. అక్కడ ఏడుగురిలో ఒకరు క్యారియర్. 1970ల్లో మొదలైన స్క్రీనింగ్ కార్యక్రమంతో, పెళ్లికి ముందు పరీక్ష సర్టిఫికెట్‌తో, తలసేమియాతో పుట్టే పిల్లల సంఖ్య దాదాపు సున్నాకు వచ్చింది. పెళ్లిళ్లు ఎవరూ ఆపలేదు. తెలిసి చేసుకున్నారు, తెలిసి గర్భాన్ని పరీక్షించుకున్నారు.

మనకు మేనరికం మాట కూడా ఉంది. పిఠాపురంలో పుట్టి జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడైన ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి 1960లోనే ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి పెళ్లిళ్లపై అధ్యయనం ప్రచురించారు. అక్క కూతుర్ని చేసుకున్నా, మేనమామ కొడుకును చేసుకున్నా, ఇద్దరికీ ఒకే పూర్వీకుల నుంచి ఒకే లోపభూయిష్టమైన జన్యువు వచ్చి ఉండే అవకాశం పెరుగుతుంది. పుట్టుకతో వచ్చే సమస్యలు మామూలు దంపతుల్లో నూటికి 2, 3 అయితే, మేనత్త మేనమామ బిడ్డల మధ్య పెళ్లిలో సుమారు 4 నుంచి 6. రెట్టింపైన మాట నిజం. నూటికి 94 మంది పిల్లలు ఆరోగ్యంగా పుడతారన్నదీ నిజం. మరో విషయం, మేనరికం వల్ల పెరిగేది ఇద్దరూ క్యారియర్లయితే వచ్చే జబ్బులే. డౌన్ సిండ్రోమ్‌కూ మేనరికానికీ సంబంధం లేదు. మేనరికం చేసుకున్న జంట డాక్టరుకు ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి, సిగ్గుపడకుండా.

ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు కథా ఇదే. 2023 జులైలో కేంద్రం ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఉద్దేశం, 2047 నాటికి ఆ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయడం. అక్కడా మొదటి మెట్టు ఎవరు క్యారియరో తెలుసుకోవడమే. వీటన్నిటికీ కావలసిన జన్యు పరీక్షల అనుభవం హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, నిమ్స్ లాంటి సంస్థల్లో ఉంది. లోటు ల్యాబుల్లో లేదు, ప్రశ్న సకాలంలో అడగకపోవడంలో ఉంది.

బోర్డు మీద రాసిన మాట

స్కానింగ్ సెంటర్ గోడ మీద లింగ నిర్ధారణ నేరమని చెప్పే బోర్డు అందరూ చూసిందే. బిడ్డలో జబ్బును కనిపెట్టడానికి వచ్చిన సాధనాలనే మన దేశంలో ఆడపిల్లను కనిపెట్టి చంపడానికి వాడారు. ఉమ్మనీటి పరీక్ష ఆ పనికే దుర్వినియోగమైంది. అందుకే 1994లో చట్టం చేశారు, 1996 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎన్ఐపీటీ యంత్రం వై క్రోమోజోమును సులువుగా చదవగలదు. మన దేశంలో ఆ మాట రిపోర్టులో రాయకూడదు, నోటితో చెప్పకూడదు, సైగ కూడా చేయకూడదు. ఈ కట్టుబాటు లేకపోతే ఈ అధ్యాయంలో చెప్పిన విజ్ఞానమంతా ఆడబిడ్డల పాలిట శాపమయ్యేది.

రెండో చట్టం గర్భవిచ్ఛిత్తి గురించి. 2021 సవరణ తర్వాత 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతో, కొన్ని వర్గాల మహిళలకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో అవకాశం ఉంది. బిడ్డలో తీవ్రమైన లోపం ఉన్నట్టు మెడికల్ బోర్డు తేలిస్తే 24 వారాల తర్వాత కూడా. మూడో నెలలో తెలిస్తే ఆలోచించుకోవడానికి వారాలు ఉంటాయి. అయిదో నెలలో బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్‌లో మొదటిసారి తెలిస్తే రోజులే ఉంటాయి.

నిర్ణయం మాత్రం ఆ దంపతులది, అందులోనూ ముందుగా ఆ తల్లిది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది, నేర్చుకోవడం నెమ్మదిగా ఉంటుంది. ఆపరేషన్లు, మంచి వైద్యం అందిన చోట వాళ్లు 60 ఏళ్ల దాకా బతుకుతున్నారు. నడుస్తారు, మాట్లాడతారు, బడికి వెళతారు, పని చేస్తారు, ప్రేమిస్తారు. 13వ, 18వ క్రోమోజోములు అదనంగా ఉన్న పిల్లలు చాలావరకు తొలి ఏడాది దాటరు. ఈ తేడాలన్నీ ఓపికగా చెప్పేవాళ్లు, ఏ వైపూ తోయనివాళ్లు ఆ జంటకు కావాలి. పరీక్ష వద్దనుకునే హక్కు కూడా తల్లికి ఉంది. తెలిసి బిడ్డను కనాలనుకున్న తల్లి గుండె డాక్టరున్న ఆసుపత్రిలో కాన్పుకు ముందే ఏర్పాట్లు చేసుకోగలదు. తెలుసుకోవడం ఒకే దారికి తీసుకెళ్లదు.

మళ్లీ ఆ వరండాలోకి

1:180 రిపోర్టు పట్టుకున్న ఆ జంట దగ్గరకు తిరిగి వెళదాం. వాళ్ల ముందు దారులు తేటగానే ఉన్నాయి. ఎన్ఐపీటీ చేయించుకోవచ్చు, అందులో అవకాశం తక్కువని వస్తే ఊపిరి పీల్చుకుని అయిదో నెల స్కాన్ దాకా ఆగవచ్చు. మెడ వెనుక కొలత బాగా ఎక్కువగా, 3.5 మిల్లీమీటర్లకు చేరి ఉంటే నేరుగా ఖాయం చేసే పరీక్షకే వెళ్లడం మేలు, బిడ్డ గుండె కూడా చూడాలి. ఏదీ ఈ రాత్రికి రాత్రే తేల్చుకోవలసింది కాదు. ఇంకా పన్నెండో వారమే.

అవన్నీ డాక్టరు ఒక కాగితం మీద గీసి చూపించాక ఆమె బయటికి వచ్చి మళ్లీ ఫోన్ చేస్తుంది.

"నూట ఎనభైలో ఒకటంట అమ్మా. నూట డెబ్భై తొమ్మిది మంది బాగానే ఉంటారంట. ఇంకో పరీక్ష చేస్తారు."

"మరి గ్రహణం..."

"గ్రహణం కాదమ్మా. ఈ అండం నేను నీ కడుపులో ఉన్నప్పుడే తయారైందంట. అప్పటి నుంచి నాతోనే ఉంది. ఇందులో నీ తప్పు లేదు, నా తప్పూ లేదు."

అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత తల్లి గొంతు, ఈసారి వణకకుండా: "రేపు పొద్దున బస్సుకి వస్తాను. పరీక్షకి నేనూ నీ పక్కన ఉంటాను."